దరి మీద ఆఖరి మధ్యాహ్నం

ఏటా జూన్ 14 మధ్యాహ్నం నెల్లూరు తీరంలోని పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, కనిపించే సందడి సంవత్సరంలో ఇంకే రోజూ కనిపించదు. ఆ అర్ధరాత్రితో 61 రోజుల వేట నిషేధం తీరిపోతుంది. చీకటుండగానే బోట్లు నీళ్లలో పడతాయి. అందుకే వేటకు పోయేవాళ్లందరికీ ఆ మధ్యాహ్నం దరి మీద ఆఖరి పూట. చెయ్యాల్సిన పని చాలావరకు అయిపోయి ఉంటుంది, బయల్దేరే వేళ ఇంకా రాదు. నడుమ మిగిలిన ఆ నాలుగైదు గంటలు ఎవరికి వాళ్లవే.

విహార నౌకల్లో తిరిగొచ్చినవాళ్లు కూడా ఇలాంటి మధ్యాహ్నం గురించే మురిపెంగా చెప్పుకుంటారు. ఓడ రేవులో ఆగి ఉంటుంది, సాయంత్రానికి ఎక్కాలి, ఆ తర్వాత మళ్లీ నేల కనిపించేది ఎప్పుడో. ఊళ్లో చూడదగినవన్నీ చూసేశాక, లేదా ఇక చూడలేమని తేలిపోయాక, మనిషి నెమ్మదిస్తాడు. నీడ చూసుకుని కూర్చుంటాడు. సముద్రం మీదికి పోయేవాడు టిక్కెట్టు కొన్నవాడైనా, పొట్టకూటికి పోయేవాడైనా ఆ పూట చేసే పనులు దాదాపు ఒకటే. కడుపునిండా తింటాడు, ఓ కునుకు తీస్తాడు, మరిచిపోయిన వస్తువేదో కొనుక్కుంటాడు, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ నాలుగింటికీ చోటివ్వడం ఏ రేవుకైనా మొదటి మర్యాద.

నెల్లూరు జిల్లా బోగోలు మండలానికి జువ్వలదిన్నె చేపల హార్బరుతో ఇప్పుడు ఆ మర్యాద పాటించే అవకాశం వచ్చింది.

బోగోలు పేరు చెబితే చాలామందికి మొదట గుర్తొచ్చేది రైలు. బిట్రగుంట స్టేషను ఈ ఊళ్లోనే ఉంది. బొగ్గింజన్ల కాలంలో మద్రాసు, బెజవాడ మధ్య నడిచే బండ్లకు ఇక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. ఇంజన్ల చుట్టూ రైల్వే కాలనీ, దాని చుట్టూ ఊరూ పెరిగాయి. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ వైభవం తగ్గింది కానీ బిట్రగుంట నుంచి చెన్నైకి రోజూ బండి మాత్రం ఉంది. ఇంకొందరికి గుర్తొచ్చేది కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి. సముద్రం గుర్తొచ్చేవాళ్లు తక్కువ. జాతీయ రహదారి మీద పోయేవాళ్లకు తూర్పున సముద్రం ఉందన్న ఆనవాలే తగలదు మరి. రోడ్డు దిగి అటు తిరిగితే వరిచేలు, తర్వాత రొయ్యల గుంటలు, ఆపైన బకింగ్‌హామ్ కాలువ, కాలువ దాటితే ఇసుక. జువ్వలదిన్నె అక్కడ ఉంది.

రైళ్లూ లారీలూ సరుకంతా తీసుకుపోకముందు ఈ తీరానికి రాజమార్గం ఆ కాలువే. మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు 1876-78 కరువులో కూలీలకు పని కల్పించడానికి దీన్ని పొడిగించి తవ్వించాడు, అందుకే ఆయన పేరు నిలిచింది. ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల్లో మద్రాసు దాకా పోయేవి, మనుషులూ పోయేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి, తూటికాడ అల్లుకుని ఉంది. తీరప్రాంతపు పెద్దవాళ్లకు అప్పటి పడవ ప్రయాణాల కథలు ఇంకా తెలుసు. అవి రాసిపెట్టుకోవాల్సినవి.

జూన్ 14కు వద్దాం.

తూర్పు తీరంలో మరబోట్లూ మోటారు బోట్లూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటకు పోకూడదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని ఈ కట్టడి. ఇంతకుముందు ఇది మే 31తో, అంటే 47 రోజులకే ముగిసేది. తర్వాత 61 రోజులకు పెంచారు. ఆ రెండు నెలలు ఆదాయం ఉండదు. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయల భృతి ఇచ్చేది. 2025 ఏప్రిల్ నుంచి 'మత్స్యకార సేవలో' పేరుతో 20,000 చేశారు. ఈ రోజుల్లో ఆ డబ్బు రెండు నెలల తిండికి సరిపెట్టుకోవడమే కష్టం, బోటుకూ వలకూ చేయించాల్సిన మరమ్మతులకు అప్పు తప్పదు. కాబట్టి జూన్ 14 నాటి ఉత్సాహంలో అప్పు తీర్చాలన్న తొందరా కలిసే ఉంటుంది.

పొద్దున్నుంచీ పని నడుస్తుంది. ఫైబర్ బోటు అడుగున పగుళ్లకు వేసిన పూత ఆరిందో లేదో వేలితో నొక్కి చూస్తారు. ఇంజను విప్పి, తుడిచి, బిగించి, డ్రమ్ములో నీళ్లు పోసి ఒకసారి తిప్పుతారు. "ఇప్పుడే చూసుకో మామా, నడిసముద్రంలో ఎవుర్ని పిలుస్తాం?" అని ఒక కుర్రాడు తొందరపెడతాడు. వల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి, ఎడమ చేత్తో లాగిపట్టి, దారం చుట్టిన ప్లాస్టిక్ పుల్లను కుడిచేత్తో లోపలికీ బయటికీ పోనిస్తుంటే తెగిన కన్ను మళ్లీ మూసుకుంటుంది. ముడి పడ్డాక ఒక్కసారి గట్టిగా లాగి చూసి, పక్క కన్నుకు పోతారు. వల పొడవునా బెండ్లు, కింద సీసం గుళ్లు. ఒక చోట బెండు ఊడితే వల నీళ్లలో సరిగా నిలబడదు. అరవై దాటి, వేట మానేసిన పెద్దాయన కూడా ఈ పనికి వస్తాడు. కళ్లు మందగించినా ఆ వేళ్లకు కన్ను కొలత తెలుసు.

మధ్యాహ్నం రెండింటికల్లా ఈ గలాటా సద్దుమణుగుతుంది. ఐసు ముందే ఎక్కిస్తే కరుగుతుంది, అందుకని అది రాత్రి పని. డీజిలు క్యాన్లు నిండాయి. బియ్యం, చింతపండు, కారం, ఉల్లిపాయలు, తాగే నీళ్లు సర్దేశారు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, బోటు ముక్కుకు పసుపు కుంకుమ పెట్టేశారు. ఇక తినడమే. రెండు నెలలుగా ఊళ్లో తాజా సముద్రపు చేప అంతగా లేదు. ఎండు నెత్తళ్లు, గుంటల చేప, లేకుంటే కోడి. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క పడే కాలమూ ఇదే, కానీ వంజరం దొరికేది రేపట్నుంచే. ఆడవాళ్ల మాటల్లో రేపటి సంగతే ఎక్కువ. వేలంపాటలో చేప కొని, గంపలకెత్తి, కావలికీ బిట్రగుంటకూ తీసుకుపోయి అమ్మేది వాళ్లే. ఎంత ధర పలుకుతుందో, ఎవరికి బాకీ ఉందో అన్ని లెక్కలూ వాళ్ల నోటి మీదే ఉంటాయి.

తిన్నాక పాలెం పడుకుంటుంది. వేట వాడి నిద్రకు పగలూ రాత్రీ లేదు, దొరికినప్పుడు పడుకోవాలి. సరుగుడు తోపులో, గుడి అరుగు మీద, తిరగేసిన బోటు నీడలో తువ్వాలు పరుచుకుని రెండు గంటలు. లేచాక టీ. పిల్లలు చుట్టూ చేరతారు. ఇళ్లల్లో తమకే సొంతమైన పట్టపు మాటల్లో, తమిళానికి దగ్గరగా ఉండే ఆ యాసలో, పెద్దల ముచ్చట్లు సాగుతాయి. బయటివాళ్లు వస్తే వెంటనే నెల్లూరు తెలుగులోకి మారిపోతారు. బోటు కొత్తగా ఎక్కుతున్న కుర్రాడికి బోటుకు పెద్ద అయిన తండేలు చెప్పేవన్నీ ఈ టీ దగ్గరే చెబుతాడు. అల మీద బోటు తోసేటప్పుడు ఎక్కడ నిలబడాలి, వల జారేటప్పుడు కాలు ఎక్కడ పెట్టకూడదు, లైఫ్ జాకెట్టు సీటు కింద ఎందుకు పడెయ్యకూడదు. ఈ చదువుకు తరగతి గది లేదు, ఆ మధ్యాహ్నమే తరగతి.

కొత్త సాధనాలూ వచ్చాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ లెక్కగట్టి చేపలు ఎక్కడ గుమికూడే వీలుందో తెలుగులోనే చెబుతుంది. నిషేధం రోజుల్లో ఆ సమాచారం ఆపేస్తారు, తిరిగి వేట మొదలయ్యేటప్పుడు ఫోన్లు మళ్లీ తెరుచుకుంటాయి. ఇస్రో పరిజ్ఞానంతో చేసిన ట్రాన్స్‌పాండర్లను కూడా బోట్లకు అమరుస్తున్నారు. ఫోను అందని దూరంలోనూ తుపాను హెచ్చరిక చేరుతుంది, ఆపద వస్తే అక్కణ్నుంచి ఒడ్డుకు కబురూ పోతుంది. వీటిని వాడటం తాతకు మనవడు నేర్పుతున్నాడు. ఇది తీరంలో ఈ పదేళ్లలో వచ్చిన మంచి మార్పు.

ఆ హెచ్చరిక విలువ కావలి పరిసరాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1989 నవంబరు మొదట్లో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన 'గే' తుపాను అక్కడ సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోర్లా పడేసి, మలయా ద్వీపకల్పం దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. మళ్లీ బలం పుంజుకుని నవంబరు 8న కావలి దగ్గర తీరం దాటింది. బోగోలు దానికి పక్కనే. ఆ రాత్రి సంగతులు ఈ ఊళ్ల పెద్దలు నిన్నటివిగా చెబుతారు. దరి అంటే ఏమిటో అలాంటి రాత్రే తెలుస్తుంది.

ఇంకో చింత కూడా ఆ మధ్యాహ్నం కబుర్లలోకి వస్తుంది. తమిళనాడు తూర్పు తీరంలో నిషేధం సరిగ్గా ఇవే తేదీలకు ఉంటుంది. అంటే అదే రాత్రి అక్కడి సోనాబోట్లు కూడా బయల్దేరతాయి. పెద్ద ఇంజన్లతో దరికి దగ్గరగా వచ్చి, చిన్నవాళ్ల వలలు తెంపుకుంటూ పోతున్నాయని నెల్లూరు తీరం ఏళ్లుగా మొత్తుకుంటోంది. దరికి 8 కిలోమీటర్ల లోపు సముద్రం సంప్రదాయ బోట్లదని రాష్ట్ర చట్టం చెబుతున్నా సముద్రం మీద గీత గీసి చూపేవాళ్లు లేరు. ఇక్కడివాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది.

సరే, ఇదే మధ్యాహ్నాన్ని ఇంకోలా గడిపేవాళ్ల దగ్గరికి, విశాఖపట్నానికి పోదాం. 2022 జూన్ 8న కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ అనే విహార నౌక చెన్నై నుంచి విశాఖ వచ్చింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఆ ఓడ పదకొండు అంతస్తులది, దాదాపు 1,800 మందిని మోస్తుంది. చెన్నై నుంచి విశాఖకు పోయే దారిలో నెల్లూరు తీరం దానికి ఎడమ పక్కన ఉంటుంది. బోగోలు నుంచి అలాంటి ప్రయాణం చెయ్యాలనుకునేవాళ్లు బిట్రగుంట బండెక్కి చెన్నై పోయి, అక్కడ ఓడెక్కి, తమ ఊరి ముందు నుంచే విశాఖకు పోవాలి. విశాఖలో దాదాపు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. 2024 ఏప్రిల్‌లో 'ద వరల్డ్' అనే ఓడ వచ్చింది. అందులో గదులు అద్దెకు తీసుకునే బదులు జనం ఇళ్లు కొనుక్కుని ఏళ్ల తరబడి ఉంటారు. 1933లో జలదుర్గ అనే ఓడతో మొదలైన రేవుకు ఇది కొత్త రకం చుట్టరికం.

పొద్దున వచ్చి రాత్రికి పోయే ఓడలోంచి దిగినవాళ్లు విశాఖలో ఏం చెయ్యాలి? వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని అరకుకు పరుగెత్తకూడదు, అది మొదటి మాట. ఘాటు రోడ్డు మీద లారీ వెనక ఇరుక్కుంటే మధ్యాహ్నమంతా గడియారం చూసుకోవడంతోనే సరిపోతుంది. రేవును ఆనుకునే పాత పట్నం ఉంది. అక్కడ పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మూడోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. రాస్ హిల్ చర్చి మెట్ల మీద కూర్చుంటే ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క కాలువలోంచి లోపలికి రావడం కనిపిస్తుంది. పైలట్ బోటు ముందు, టగ్గులు అటూ ఇటూ, నడుమ కొండంత ఓడ మెల్లగా జరుగుతూ. ఓడలో ఉన్నప్పుడు కనిపించని దృశ్యం ఇది. ఓడ ఎంత పెద్దదో నేల మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత బీచి. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి ఆర్కే బీచిలో ఇసుక మీద మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు. వంగి వంగి నడవాల్సిన ఆ ఇరుకు గదుల్లో నెలల తరబడి మనుషులు ఎలా ఉన్నారో చూసి బయటికి రాగానే సముద్రపు గాలి తగులుతుంది. అక్కడే మూరి మిక్చర్ బండ్లు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కారం పొట్లంలో కలిపి ఇస్తారు. ఆ పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చుని ఒక గంట ఊరికే గడపడం ఏ టూరు ప్యాకేజీలోనూ ఉండదు, కానీ ఆ మధ్యాహ్నానికి తగిన పని అదే.

గడియారం మాత్రం మరవకూడదు. ఓడ బయల్దేరే సమయానికి ముందే అందరూ ఎక్కెయ్యాలని ఒక గడువు పెడతారు. పైలటు, టగ్గులు, బెర్తు అన్నీ గంటల లెక్కన మాట్లాడుకున్నవి, పోటు పాట్లను బట్టి కూడా కొన్ని రేవుల్లో కదలాలి. ఒకరిద్దరి కోసం ఓడ ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరాన సావో టోమే దీవిలో ఊరు చూడబోయిన ఎనిమిది మంది గడువుకు రాలేకపోయారు. ఓడ వాళ్లను వదిలి వెళ్లిపోయింది. దాన్ని అందుకోవడానికి వాళ్లు దేశాలు దాటుకుంటూ సెనెగల్ దాకా తిరగాల్సి వచ్చింది. జువ్వలదిన్నెలోనూ ఇంతే. బోటు నీళ్లలోకి తోసే వేళకు రానివాడి కోసం ఎవరూ కాచుకుని ఉండరు.

విశాఖ రేవులో విహార నౌకల కంటే ఎంతో ముందు నుంచీ ఇంకో రకం ఆఖరి మధ్యాహ్నం ఉంది, దాని గురించి పత్రికలు రాసేది తక్కువ. అండమాన్ ఓడ. హర్షవర్ధన పేరు ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్లకు తెలుసు. పోర్టుబ్లెయిరుకు రెండున్నర రోజుల దాకా ప్రయాణం. అక్కడ స్థిరపడిన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల కుటుంబాలు పెళ్లికో పండక్కో వచ్చి తిరిగి పోయేటప్పుడు రేవు దగ్గర మూటలు, ఆవకాయ జాడీలు, బియ్యం సంచులతో కూర్చుంటారు. విమానంలో పోగలిగినవాళ్లు పెరిగినా, ఓడకు పోయేవాళ్లు ఉన్నారు. వీళ్లకు ఊరు చూసే ఆరాటం లేదు. అమ్మ పక్కన కూర్చోవడమే కావాలి. అంతకు ముందు తరాల్లో కాకినాడ, విశాఖల నుంచి రంగూనుకు పోయిన వేలాదిమంది కూలీలకు కూడా దరి మీద ఒక ఆఖరి పూట ఉండే ఉంటుంది. వాళ్లలో చాలామంది దాన్ని రాయగలిగే చదువు లేనివాళ్లు, కాబట్టి అది మన సాహిత్యంలోకి రావాల్సినంత రాలేదు.

సముద్రం మీద నుంచి వచ్చినవాణ్ని ఎలా చూడాలన్న విషయంలో ఈ తీరానికి పాత రికార్డు ఒకటి ఉంది. బోగోలుకు ఉత్తరంగా, చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు స్వాధీనం చేసుకోవడం అప్పటి రివాజు. గణపతిదేవుడు ఆ రివాజును ఎత్తేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని విదేశీ వర్తకులకు మాటిచ్చి రాతి మీద చెక్కించాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఓడరేవు విధానం అది. సముద్రం మీద కష్టపడి వచ్చినవాడికి దరి మీద భయం ఉండకూడదని అంత స్పష్టంగా చెప్పిన పాలకులు ఎక్కువమంది లేరు.

ఇక బోగోలుకు తిరిగి వద్దాం. జువ్వలదిన్నె హార్బరుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. సుమారు 288 కోట్ల ఖర్చు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి ప్రధాని దీన్ని ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. 1,250 బోట్లకు చోటు ఉండేలా దీన్ని తలపెట్టారు. అంతకుముందు నెల్లూరు జిల్లాకు చేపల హార్బరు లేదు. మరబోటు పెట్టుకోవాలనుకున్నవాడు దాన్ని నిలుపుకోవడానికి చెన్నైకో నిజాంపట్నానికో పోవాలి. చిన్న బోట్లవాళ్లు అలలు చూసుకుని ఇసుక మీద నుంచే తోయాలి, తిరిగొచ్చాక మళ్లీ ఇసుక మీదికి లాగాలి. బోటు లాగే పనిలో నడుములు పోయినవాళ్లు ప్రతి పాలెంలోనూ ఉన్నారు. అందుచేత ఈ హార్బరు కట్టినవాళ్లకు తీరం రుణపడి ఉంది. ఎవరి హయాంలో మొదలైంది, ఎవరి హయాంలో పూర్తయింది అన్న వాదన ఇక్కడ అనవసరం.

కానీ హార్బరంటే కాంక్రీటు గోడలూ బెర్తులూ మాత్రమే అనుకుంటే కష్టం. బోటుకు చోటు చూపారు, మనిషికి కూడా చూపాలి. ఇసుక మీద నుంచి బోటు తోసినన్నాళ్లు ఇల్లు పక్కనే ఉండేది, తోపు నీడ ఉండేది, టీ అంగడి ఉండేది. హార్బరు నిండితే కాకినాడ నుంచి, నిజాంపట్నం నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి బోట్లు వస్తాయి. వాటిమీద వచ్చేవాళ్లకు ఇక్కడ ఇల్లు లేదు. పది రోజులు సముద్రం మీద ఉండి, ఒక పూట దిగి, సరుకు అమ్ముకుని, ఐసు ఎక్కించుకుని మళ్లీ పోతారు. ఆ ఒక్క పూటకు వాళ్లకు కావలసినవి చాలా కొద్ది. మంచినీళ్లు, స్నానానికి గది, శుభ్రమైన మరుగుదొడ్డి, పడుకోవడానికి ఫ్యాను తిరిగే ఒక హాలు, ఫోనుకు చార్జింగు. చేప కొనడానికి తెల్లవారుజామున వచ్చే ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు, కూర్చోవడానికి కప్పు. ఒక మందుల అంగడి. బిట్రగుంట స్టేషనుకూ కావలికీ వేళకు నడిచే బస్సు. కోట్ల పనుల్లో ఇవి చిల్లర ఖర్చులు. అయినా ఎన్నో హార్బర్లలో ముందు పాడయ్యేవీ, తాళం పడేవీ ఇవే. జువ్వలదిన్నెలో అలా జరగనివ్వకూడదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, ఊడ్చేది ఎవరో, డబ్బు ఎక్కణ్నుంచి రావాలో మత్స్యకార సంఘాలతో, పాలేల పెద్దలైన కాపులతో కూర్చుని ముందే తేల్చుకోవాలి. దురాయి వేసుకుని కట్టుబాటు నిలుపుకునే అలవాటు ఈ పాలేలకు తరాలుగా ఉంది, దాన్ని ఈ పనికి వాడుకోవచ్చు.

నీడ సంగతి అన్నిటికంటే సులువు, అన్నిటికంటే అవసరం. జూన్ మధ్యాహ్నం జువ్వలదిన్నెలో కాంక్రీటు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. కానుగ, పొన్న, బాదం ఉప్పుగాలికి తట్టుకునే చెట్లు. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. సెప్టెంబరులో గుంతలు తీసి మొక్కలు పెడితే మొదటి ఏడాది నీళ్ల ఖర్చు కూడా తగ్గుతుంది. మత్స్యశాఖ, అటవీశాఖ, బోగోలు మండల పరిషత్తు కలిసి వచ్చే సెప్టెంబరులోనే ఆ పని మొదలుపెట్టాలి.